మధ్య కర్టెను

అన్నదమ్ములిద్దరూ మూడో అంతస్తులో పక్కపక్క ఫ్లాట్లు కొన్నప్పుడు మధ్య గోడ కొట్టించేద్దామన్నది పెద్దకోడలే. ఇంజనీరును పిలిపించి, గోడ తీసేస్తే పైకప్పుకి ఏ ఢోకా లేదని ఆయన చేతే మగవాళ్ళిద్దరికీ చెప్పించి, చేతులు బార్లా చాపుకుని నడిచేంత వెడల్పున దారి తీయించింది. దాంతో రెండు హాళ్ళూ ఒకటైపోయాయి. పెద్దకోడలు తన సోఫాలో కూర్చుంటే చిన్నకోడలి బాల్కనీలో బట్టలు ఆరాయో లేదో అక్కణ్ణించే తెలిసిపోయేది. వంట రెండు చోట్లా అయ్యేది గానీ భోజనం మాత్రం ఆ పూట ఎవరి కూర బాగా కుదిరితే వాళ్ళ వైపు.

"తోడికోడళ్ళంటే ఎవరైనా నమ్ముతారా మిమ్మల్ని చూసి?" అనేది కింది ఫ్లాటావిడ. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దకోడలు మురిసిపోయేది.

ఆమెకి పిల్లల్లేరు. చిన్నకోడలికి ఒక్కతే కూతురు, పదేళ్ళది. పొద్దున లేచింది మొదలు దాని నోటికి మూత పడదు. అందుకే పెద్దకోడలు దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. ఇంట్లో అందరికీ అదే పేరు అలవాటైపోయింది.

పెద్దకోడలు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేది. అచ్చయిన కాగితం మీద రంగు సరిగ్గా పడిందో లేదో చూసి, ఎరుపు తగ్గించమనో పసుపు పెంచమనో మెషీను దగ్గరున్నవాళ్ళకి చెప్పడం ఆమె పని. ఆ కన్ను ఇంటికొచ్చాక కూడా ఊరుకునేది కాదు. ఎవరి జాకెట్టు ఎవరి చీరకి అతకలేదో మొహమాటం లేకుండా చెప్పేసేది. ఇంట్లో దుప్పట్ల దగ్గర్నించి కాళ్ళు తుడుచుకునే పట్టాల దాకా ఆమె చూసి సరేనంటేనే లోపలికొచ్చేవి.

ఆ ఏడాది వానలకి పై ఫ్లాటు బాత్రూం కారి రెండు హాళ్ళ గోడలూ చెమ్మెక్కాయి. మరమ్మతు చేయించి, పెద్దకోడలి వైపు వెన్నరంగూ, చిన్నకోడలి వైపు లేత బూడిదరంగూ వేయించారు. పెయింటు ఆరాక పాత కర్టెన్లు తగిలించి చూస్తే, ఇస్త్రీ చొక్కా మీద నలిగిన కండువా వేసుకున్నట్టు కనిపించాయి.

"ఇవి పనికిరావే. రెండు వైపులా కొత్తవి కుట్టిద్దాం," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఒక్క క్షణం తటపటాయించింది. "ఇప్పుడేం తొందరక్కా?" అంది.

"తొందరేంటి, వచ్చే ఆదివారం వెళ్దాం."

వెళ్ళారు. ఆ పై ఆదివారమూ వెళ్ళారు. మూడోసారి వెళ్ళేసరికి కర్టెన్ల షాపాయన వాళ్ళు మెట్లెక్కుతుండగానే శాంపిలు పుస్తకాలు బల్లమీద పరిచేశాడు.

"రెండు హాళ్ళకీ ఒకటే గుడ్డ వేసేయండమ్మా. మీకూ తలనొప్పి ఉండదు, నాకూ ఉండదు," అన్నాడు.

"ఒకటే వేస్తే ఆసుపత్రి వార్డులా ఉంటుందండీ. అలాగని దేనికది వేస్తే రెండు ఇళ్ళలా ఉంటుంది. మాది ఒకటే ఇల్లు," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు శాంపిలు పుస్తకంలో తల దూర్చింది.

పెద్దకోడలి మనసంతా ఇటుకరంగు మీద ఉంది. వెన్నరంగు గోడకి ఇటుకరంగు కర్టెను, అవతలి హాల్లో తేనెరంగు గుడ్డ మీద ఇటుకరంగు చార. అలా వేస్తే ఒక గదిలోని రంగు రెండో గదిలో సన్నగా పలుకుతుందని ఆమె లెక్క. తానులు దింపించి, రెండు గుడ్డలనీ చెరో చేతి మీదా వేసుకుని తలుపు దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళింది.

"చూడవే, ఎలా కలిశాయో."

"నాకు నీలం కావాలక్కా. ఇదిగో, ఈ బూడిదనీలం."

"నీలమా? నువ్వు జన్మలో నీలం చీర కట్టవు కదే!"

"ఎప్పుడూ ఒకేలా ఉంటామేంటక్కా?" అని చిన్నకోడలు ఫోనుతో ఆ గుడ్డకి రెండు ఫొటోలు తీసింది. "ఆయన్ని ఓ మాట అడిగొస్తా," అని బయటికెళ్ళి, మెట్ల మీద నిలబడి చాలాసేపు మాట్లాడింది.

పెద్దకోడలికి నవ్వొచ్చింది. "మా మరిది ఒక కాలికి నల్ల సాక్సు, ఒక కాలికి నీలం సాక్సు వేసుకుని ఆఫీసుకెళ్ళొచ్చే మనిషండీ. ఆయన్నడిగి కర్టెను కొంటోంది ఇది," అంది షాపాయనతో. ఆయన కూడా నవ్వాడు.

చిన్నకోడలు లోపలికొచ్చి, "నీలమే," అంది.

ఇంకెవరైనా అయితే పెద్దకోడలు ఒప్పుకునేది కాదు. కానీ ఇన్నేళ్ళలో చిన్నకోడలు నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదటిసారి. దాని ముచ్చట ఎందుకు కాదనాలనుకుంది. నీలం పక్కన ఇటుకరంగు కంటికి కొడుతుంది గనక తన ఇష్టాన్నే పక్కన పెట్టింది. మళ్ళీ మొదట్నించీ వెతికి, పాచిరంగు ఆకుపచ్చ గుడ్డ ఒకటి పట్టుకుంది. దాని నేతలో సన్నటి నీలిపోగు ఉంది. దగ్గరికొస్తే గానీ కనబడదు. ఆ పోగే రెండు గదులనీ కలుపుతుందని ఆమెకి నమ్మకం కుదిరింది.

షాపులో ట్యూబులైటు కింద రంగుని నమ్మకూడదని, గుడ్డముక్కలు ఇంటికి తెచ్చి గుండుసూదులతో గోడలకి గుచ్చింది. పొద్దున బాల్కనీ వెలుతురులో ఒకసారి, సాయంత్రం లైట్లు వేశాక ఒకసారి చూసేది. భర్తని లాక్కొచ్చి నిలబెట్టేది.

"చెప్పండి. ఈ పచ్చా, ఆ పచ్చా?"

"పొద్దుటి వెలుతురులో ఇది బాగుంది. సాయంత్రం కూడా చూసి చెప్తాలే," అన్నాడాయన. ఆయనకి ఇలాంటివాటి మీద ధ్యాస ఉండదు. ఈసారి ఓపిగ్గా నిలబడ్డాడని ఆమె సంతోషించింది కూడా.

ఆ రోజుల్లో పిచ్చుక కూడా అదోలా ఉండేది. పెద్దమ్మ ఒళ్ళో తలపెట్టి పడుకునేది గానీ కబుర్లు చెప్పేది కాదు. పరీక్షల భయమనుకుంది పెద్దకోడలు.

చివరికి ఆమెకో ఆలోచన తట్టింది. రెండు హాళ్ళ మధ్య దారికి ఇన్నాళ్ళూ ఏమీ లేదు. అక్కడ ఒక కర్టెను వేయాలి. తన వైపు ముఖం పాచిరంగు, అవతలి ముఖం బూడిదనీలం, లోపల పల్చటి లైనింగు. ఇటు అంచు అటూ, అటు అంచు ఇటూ రెండు వేళ్ళ వెడల్పున మడిచి కుట్టాలి.

"బరువవుతుందమ్మా. గట్టి రాడ్డు వేయాలి," అన్నాడు షాపాయన.

"వేయండి. అటూ ఇటూ గోడ గట్టిదే, నిలబడుతుంది."

"మధ్యలోది ఎందుకక్కా? ఇన్నాళ్ళూ లేదుగా," అంది చిన్నకోడలు.

"ఇన్నాళ్ళూ బుర్రలోకి రాలేదు కాబట్టి లేదు," అని కొలతలు తనే రాయించింది.

రెండు వారాలయ్యాక ఒకరోజు ప్రెస్సులో మెషీను ఆగిపోయి మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. పెద్దకోడలు దారిలో షాపు దగ్గర దిగింది. మధ్య కర్టెను అంచు ఎలా కుట్టారో చూడాలని ఆమెకి ఒకటే ఆత్రంగా ఉంది. వెనక గదిలో నీలం కర్టెన్లు కుచ్చిళ్ళు పెట్టి, ఇస్త్రీ చేసి వేలాడదీశారు. పక్కన ఆమె పచ్చవి.

"మధ్యది ఏదండీ?"

"అది వద్దన్నారు కదమ్మా. గుడ్డ కోయకముందే ఫోను చేశారు."

"ఎవరు?"

"మీ చెల్లెలుగారే. అక్కడ గోడ వస్తోంది, ఇంక కర్టెను ఎందుకన్నారు."

"ఏ గోడ?"

షాపాయన టేపు మెడలోంచి తీసి మళ్ళీ మెడలోనే వేసుకున్నాడు. "అదేనమ్మా, ఆ ఫ్లాటు కొనుక్కున్నావిడ గోడ కట్టించుకుంటున్నారటగా. మొన్న ఇద్దరూ కలిసే వచ్చారు. నీలం రంగు ఆవిడ ఎంచిందే. మీ చెల్లెలుగారు ముందునుంచీ ఫొటోలు పంపుతూనే ఉన్నారు కదా ఆవిడకి. ఫ్లాటుతో పాటు కర్టెన్లు కూడా ఆవిడకే అన్నారు." ఆమె ముఖం చూసి ఆగాడు. "నేను అనకూడనిదేమైనా అన్నానామ్మా?"

పరాయి మనిషి ముందు తన ఇంటి సంగతి తనకి తెలియదని ఒప్పుకోవడానికి పెద్దకోడలికి ప్రాణం ఒప్పలేదు.

"లేదండీ. నాకు చెప్పింది. నేనే మర్చిపోయాను," అని నవ్వి మెట్లు దిగింది.

బస్టాపులో రెండు బస్సులు వదిలేసింది. మెట్ల మీద నిలబడి చిన్నకోడలు మాట్లాడిన ఫోన్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అప్పుడు తను లోపల కూర్చుని మరిది సాక్సుల మీద జోకులేసింది. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి నీలం కావాలంటే, దానికి సరిపడేలా తన ఇష్టాన్ని మార్చుకుంది. నీలం అడిగినప్పుడు, 'పోనీలే, ఇన్నాళ్ళకి నోరు విప్పి అడిగింది' అని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటేనే ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంది. అవతలి హాల్లోంచి చిన్నకోడలు తొంగిచూసి, "తొందరగా వచ్చావేంటక్కా? టీ పెట్టనా?" అంది.

"వద్దు."

ముందు భర్తతో మాట్లాడాలనుకుంది. ఆయన్ని పక్కన పెట్టుకుని తమ్ముణ్ణి నిలదీయాలనుకుంది. ఆయన ఆఫీసునించి వచ్చి పడగ్గదిలో బూట్లు విప్పుకుంటుంటే తలుపు వేసి అడిగింది.

"మీ తమ్ముడు ఫ్లాటు అమ్మేశాడా?"

ఆయన ఒక బూటు విప్పి రెండోది అలాగే ఉంచేశాడు. "ఎవరు చెప్పారు నీకు?"

అప్పటిదాకా ఆయనకి తెలిసి ఉంటుందని ఆమెకి తోచనే లేదు.

"మీకు తెలుసా?"

ఆయన రెండో బూటు విప్పడం మొదలుపెట్టాడు. "వాళ్ళే చెప్తామన్నారు. నీకు చెప్పడానికి వాళ్ళకి మొహం చెల్లట్లేదు. సమయం చూసుకుని చెప్తార్లే అని నేను..."

"ఎప్పట్నించి తెలుసు?"

"పెయింట్లు వేయించకముందే అనుకున్నాడు వాడు. అమ్మడం ఖాయమైంది మాత్రం తర్వాతే."

"గుడ్డముక్కలు గోడకి గుచ్చి ఏది బాగుందని మిమ్మల్ని అడిగాను. సాయంత్రం కూడా చూసి చెప్తానన్నారు. నా పక్కన నిలబడి."

"పచ్చది బాగుందన్నాను. నిజంగానే బాగుందే," అన్నాడాయన.

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాతో అబద్ధమాడారు," అంది.

"అబద్ధం ఎక్కడాడాను? చెప్పలేదంతే."

ఆమె తలుపు తీసుకుని నేరుగా అవతలి హాల్లోకి వెళ్ళింది. చిన్నకోడలు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అక్క ముఖం చూడగానే చేతిలోని తువ్వాలు కింద పెట్టేసింది.

"షాపుకెళ్ళావా?" అంది మెల్లగా.

"వెళ్ళాను. మధ్య కర్టెను అడిగాను."

"చెబుదామనే అనుకున్నానక్కా. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది," అంది.

"వెళ్ళిపోవాలనిపించేంత ఏం చేశాను నేను?"

"ఏం చేయలేదు. నువ్వు చేసిందంతా మంచే." ఆమె సోఫా వైపు చెయ్యి చూపించింది. "ఈ సోఫా నువ్వు ఎంచావు. గోడ రంగు నువ్వు చెప్పావు. పాపని ఏ స్కూల్లో వేయాలో నువ్వు చూశావు. నా వంటింట్లో డబ్బాల మీద పేర్లు కూడా నీ చేతిరాతే. పొద్దున లేచి హాల్లోకొస్తే అటునించి నువ్వు చూస్తుంటావు. ఒక్కపూటైనా జుట్టు దువ్వుకోకుండా నా ఇంట్లో నేను తిరగలేదక్కా."

"ఒక్కసారైనా వద్దన్నావా?"

"అనలేదు. అనలేకే వెళ్ళిపోతున్నాం."

పెద్దకోడలు అక్కడే కుర్చీ అంచుమీద కూర్చుంది. ఆ మాటల్లో కొంత నిజముందని ఆమెకి తెలియకపోలేదు. కానీ ఆ క్షణాన ఆమెని కోస్తున్నది అది కాదు.

"వెళ్ళండి. మీ ఇల్లు, మీ ఇష్టం. కాదనడానికి నేనెవర్ని? నేనడిగేది అది కాదు. వారం వారం నాతో ఆ షాపుకి ఎందుకొచ్చావు? ఎవరో ఎంచిన రంగుని నీ రంగని నాకెందుకు చెప్పావు?"

"నువ్వంత హుషారుగా ఉంటే ఎలా చెప్పను? ఇదొక్కటీ అయిపోయాక చెబుదామనుకున్నా. కర్టెన్లు ఎలాగూ కుట్టిస్తున్నాం, అవేవో తనకి నచ్చినవి కుట్టించమని ఆవిడ అడిగింది. నువ్వు చెప్పిన లైనింగే వేయించుకుంటోంది. నీ కన్ను చాలా మంచిదంది."

"నా కన్ను సంగతి పరాయి మనిషితో మాట్లాడావు. మీరు వెళ్ళిపోయే సంగతి మాత్రం నాతో మాట్లాడలేకపోయావు."

అప్పుడు లోపలి గది గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉండడం పెద్దకోడలు చూసింది.

"పిచ్చుకా, ఇలా రా. నీకు తెలుసా ఈ సంగతి?"

ఆ పిల్ల ముందు తల్లి వైపు చూసింది. ఆ చూపుతోనే అంతా తెలిసిపోయింది.

"నీకు చెప్పనని అమ్మ ఒట్టేయించుకుంది పెద్దమ్మా," అంది.

అంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. "దాని నోరు కూడా కుట్టేశావుటే?" అంది చిన్నకోడలితో. ఇంకేమీ అనకుండా లేచి తన వైపుకి వచ్చేసింది. ఆ రాత్రి మరిది వచ్చి, "వదినా, ఒక్కమాట," అని తలుపు కొడితే తీయలేదు.

నెల తిరక్కుండానే చిన్నకోడలు వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు, గోడ పని మొదలైంది. పెద్దకోడలు సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చుంది. వద్దని భర్త అన్నాడు గానీ వినలేదు. గోడ నడుము ఎత్తు లేచాక, కొనుక్కున్నావిడ ఎలా సాగుతోందో చూడడానికి వచ్చింది. కలుపుగోలు మనిషి. ఇటుకల మీదికి వంగి, "మీరేనా ఆ అక్కగారు? మీ గురించి ఎంత చెప్పారో! ఆ నీలానికి మీరు పచ్చది ఎంచారటగా, చూడడానికి నాకు కుదర్లేదు. మా పడగ్గదికి ఏ రంగు బాగుంటుందో కూడా మీరే చెప్పాలి," అంది.

పాపం, ఆవిడకి ఏమీ తెలియదు. పెద్దకోడలికి ఆవిడ మీద కోపం కూడా రాలేదు.

"ఆ నీలం మీ గోడకి బాగానే ఉంటుందండీ," అంది. "పడగ్గది మాత్రం మీరే చూసుకోండి."

"అయ్యో, అలా అంటే ఎలా?" అని ఆవిడ నవ్వుతూనే ఉంది. మేస్త్రీ ఇంకో వరస ఇటుకలు పేర్చాడు.

గోడ పూర్తయ్యాక పచ్చ కర్టెన్లు వచ్చాయి. షాపాయన మనిషి స్టూలెక్కి తగిలించి, కుచ్చిళ్ళు సర్ది వెళ్ళాడు. మర్నాడు పొద్దున హాల్లోకి వచ్చి చూస్తే ఆ పచ్చ దాదాపు నల్లగా ఉంది. పొద్దుటి వెలుతురంతా అవతలి బాల్కనీలోంచి వచ్చేదే. అది ఆగిపోయింది. నేతలో నీలిపోగు ఎంత దగ్గరికెళ్ళినా కనబడలేదు. లేని వెలుతురుకి రంగు ఎంచి పెట్టుకున్నానే అనుకుంది. భర్త వెనక నిలబడి, "లైటు వేస్తే బానే ఉంటుందేమో," అన్నాడు.

"మీరు మాట్లాడకండి," అంది.

రింగులతో సహా విప్పి, మడత పెట్టి కింది ఫ్లాటావిడకి ఇచ్చేసింది. ఆవిడ వద్దంటూనే తీసుకుంది.

మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోలేదు. ఆయన రెండుసార్లు తప్పయిందన్నాడు. ఆమె సరేనంది. కానీ ఆయన ఆఫీసు కబురు ఏదైనా చెప్పడం మొదలుపెడితే పూర్తయ్యాక కూడా ఆమె ఇంకా ఆయన ముఖంలోకే చూస్తుండేది. "అంతేనా?" అని అడిగేది. "అంతే," అని ఆయన చిన్నబుచ్చుకునేవాడు. పిచ్చుక సాయంత్రాలు ఫోను చేసేది. మొదట్లో గొంతు తగ్గించి మాట్లాడేది గానీ త్వరలోనే మళ్ళీ పాత పిచ్చుకైపోయింది. ఒకసారి, "పెద్దమ్మా, నీకో సంగతి చెప్తా, అమ్మకి చెప్పకేం?" అంది.

"అమ్మకి చెప్పకూడనిది నాకూ చెప్పకమ్మా," అంది పెద్దకోడలు. పిల్ల కాసేపు ఆలోచించి, అయితే స్కూల్లో ఎవరు ఎవరితో జట్టు వదిలి పచ్చి అన్నారో చెప్తానని ఆ చిట్టా విప్పింది. పెద్దకోడలు కూర తరుగుతూ ఆసాంతం వింది.

చిన్నకోడలు కొత్త ఇంటికి రమ్మని మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి మరిదే స్వయంగా కారు తీసుకొచ్చాడు. కాదనలేక భర్తతో కలిసి వెళ్ళింది. ఊరికి ఆ చివర చిన్న ఇల్లు. రెండు గదులకీ రెండు రకాల కర్టెన్లు, ఒకటి గులాబీ పువ్వులు, ఒకటి పసుపు చారలు. ఎక్కడా ఒకదానికొకటి పొత్తు లేదు. చిన్నకోడలు తల దువ్వుకోకుండా ముడేసుకుని, పాత నైటీ మీద తువ్వాలు వేసుకుని తలుపు తీసింది. మనిషి కాస్త ఒళ్ళు చేసింది. ముఖం తేటగా ఉంది.

గదులన్నీ తిప్పి చూపించింది. ప్రతి గదిలోనూ ఆగి అక్క ఏమంటుందోనని చూసింది. పెద్దకోడలు ఏమీ అనలేదు. టీ ఇస్తే తాగింది. పిచ్చుక వచ్చి ఒళ్ళో కూర్చుంటే దాని జడ విప్పి మళ్ళీ అల్లింది.

బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర చిన్నకోడలు ఇంక ఉండబట్టలేక అడిగేసింది.

"ఎలా ఉందక్కా ఇల్లు? నిజం చెప్పు."

"చాలా బాగుందండీ. మీకు సరిపోయింది," అంది పెద్దకోడలు.

చిన్నకోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్ళయి వచ్చిన రోజునుంచీ 'ఏమే', 'ఇలా రావే' తప్ప ఆ నోట ఇంకో పిలుపు ఎరగదు.

"అండీ ఏంటక్కా?" అంది.

పెద్దకోడలు చెప్పులు వేసుకుని, పిచ్చుక బుగ్గ నిమిరి, కారు వైపు నడిచింది.

వచ్చే ఆదివారం పిల్లని తనే వచ్చి తీసుకెళ్తానని మాత్రం అద్దం దించి చెప్పింది.